మా 386కి రేడియో బాబాయి చేసిన బ్యాటరీ

మా తెనాలి ఇంట్లో ఆరేళ్లపాటు దసరా అంటే మూడు పనులు. పొద్దున్నే టైపు మిషన్లకి బొట్లు పెట్టడం, కంప్యూటర్ ముందు కొబ్బరికాయ కొట్టడం, ఆ తర్వాత కంప్యూటర్‌కి సెల్లు మార్చడం. మూడో పని మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదనుకుంటాను. ట్రాన్సిస్టర్ రేడియోలో వేసే పెన్సిల్ సెల్లే అవి, మూడు. కొట్టు నుంచి తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే పాతవి తీసి కొత్తవి వేసేవాళ్లం. ఆఫ్ చేసి మారిస్తే అది అన్నీ మర్చిపోతుంది. ఆ సంగతి మాకు రేడియో బాబాయి చెప్పాడు.

నాన్నకి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. రెండు వరసల్లో పన్నెండు రెమింగ్టన్ మిషన్లు. లోయర్, హయ్యర్ పరీక్షలు దగ్గర పడితే ఆ చప్పుడుకి వీధి చివరిదాకా ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. 1993లో, టైపు ఒక్కటే నేర్పితే ఇక పిల్లలు రారని నాన్నకి అర్థమై, హైదరాబాద్ వెళ్లి ఒక కంప్యూటర్ తెచ్చారు. విడిభాగాలు కొని కూర్పించిన 386, లోపలి ప్రాసెసర్ పేరుతోనే అప్పట్లో ఆ మిషన్లని పిలిచేవాళ్లు. రెండు మెగాబైట్ల మెమరీ, నలభై మెగాబైట్ల హార్డ్ డిస్క్, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ డాస్ 5. మానిటర్‌కి దెబ్బ తగులుతుందేమోనని రైల్లో సీటు మీద దాన్ని కూర్చోబెట్టి, తను కింద కూర్చుని వచ్చారట. హాల్లో ఒక మూల ప్లైవుడ్‌తో, గాజు తలుపుతో గది కట్టించారు. సెకండ్ హ్యాండ్ ఏసీ పెట్టించారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. ఎండాకాలంలో ఆ ఏసీ కోసమే కోర్సులో చేరినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకీ నాన్న ఉత్తరాలు కొట్టే వర్డ్‌స్టార్, లెక్కల పట్టికల లోటస్, వివరాలు దాచే డీబేస్ అదే శ్రద్ధతో నేర్పారు.

ఉన్నది ఒక్కటే మిషన్ కాబట్టి ఒకరు కీబోర్డు దగ్గర, ముగ్గురు వెనకాల నోటుబుక్కులతో. మధ్యలో ఊరివాళ్ల పనులు. పెన్షన్ అర్జీలు, బదిలీ దరఖాస్తులు, కాలేజీ ప్రశ్నపత్రాలు, పెళ్లి సంబంధాలకి పంపే బయోడేటాలు. అన్నీ ఆ నలభై మెగాబైట్లలోనే ఉండేవి.

1997 మే నెలలో ఒకరోజు పొద్దున్న స్విచ్ వేస్తే మెమరీ లెక్కపెట్టే టిక్కు టిక్కు చప్పుడు అయ్యాక తెల్లటి అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. "CMOS battery state low" అని, అంటే సెట్టింగులు గుర్తుపెట్టుకునే చిప్‌కి బ్యాటరీ అయిపోవచ్చిందని. దాని కింద, ఎఫ్1 నొక్కమని. నొక్కితే, హార్డ్ డిస్క్ అసలు లేదంటుంది. నాన్న మొహంలో రంగు పోయింది. నాలుగేళ్ల పనంతా అందులోనే ఉంది.

డిస్క్ ఎక్కడికీ పోలేదు. ఉందన్న సంగతే మిషన్ మర్చిపోయింది. 1984లో వచ్చిన ఐబీఎం కంపెనీ ఏటీ కంప్యూటర్ నుంచి ఈ రకం కంప్యూటర్లన్నిటిలో గడియారం కోసం ఒక చిన్న చిప్ పెట్టేవాళ్లు. మొదట్లో అది మోటరోలా తయారుచేసిన 146818. అందులో మొత్తం 64 బైట్లు. 14 గడియారానికి, మిగిలిన 50లో మిషన్‌కి కావలసిన గుర్తులు, అంటే ఫ్లాపీలు ఎన్ని, మెమరీ ఎంత, హార్డ్ డిస్క్ ఏ రకం అన్నవి. సెకనుకి 32,768 సార్లు కంపించే ఒక చిన్న క్వార్ట్‌జ్ ముక్కని లెక్కపెట్టుకుంటూ, కరెంటు లేనప్పుడు కూడా ఆ చిప్ నడుస్తూ ఉండాలి. నడవడానికి మా బోర్డు మీద నీలం తొడుగు వేసిన ఒక చిన్న పీపాలాంటి బ్యాటరీ ఉండేది. 1.2 వోల్టుల నికెల్ కాడ్మియం సెల్లు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టి చేసింది, మొత్తం 3.6 వోల్టులు. మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపు అది ఛార్జ్ అవుతుంది, ఆఫ్‌లో ఉన్నప్పుడు చిప్‌ని బతికిస్తుంది. మాది చచ్చిపోయింది.

మా డిస్క్ టైప్ 17. అంటే డిస్క్‌ని ముక్కలుగా విభజించే లెక్క, 977 సిలిండర్లు, 5 హెడ్లు, 17 సెక్టార్లు. ఒక్కో సెక్టారుకి 512 బైట్లు. గుణిస్తే నాలుగు కోట్ల పాతిక లక్షల బైట్లు, అదే మన నలభై మెగాబైట్లు. నాన్న సున్నంతో ప్లైవుడ్ గోడ మీద '17' అని పెద్దగా రాసేశారు. స్విచ్ వేసిన ప్రతిసారీ సెటప్‌లోకి, అంటే ఆ చిప్‌లో గుర్తులు మార్చే తెరలోకి వెళ్లి, డిస్క్ రకం 17 అని చెప్పి, ఎఫ్10 కొట్టి బయటికి రావాలి. రోజుకి ఒకసారి అయితే ఫర్వాలేదు. అది మే నెల. కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. రోజుకి ఆరేడు సార్లు ఆ 17. తేదీ కూడా ప్రతిసారీ 1980 జనవరి 1, మంగళవారం, అర్ధరాత్రికి వెళ్లిపోయేది. డాస్‌కి కాలం అక్కడే మొదలు. దాన్ని కూడా సరిచేసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, వెనకాల పిల్లలు నిలబడి ఉండేవాళ్లు కదా.

హైదరాబాద్‌లో కొన్నచోటికి ఫోన్ చేస్తే, ఆ బ్యాటరీ విడిగా దొరకదు, బోర్డే మార్చాలి అన్నారు. వేలల్లో చెప్పారు. ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి వచ్చి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఏడాదే అక్కకి సంబంధాలు చూస్తున్నారు.

అలా అయిదు వారాలు గడిచాక రేడియో బాబాయి ఇన్‌స్టిట్యూట్‌లోకి వచ్చాడు. మా పక్క కొట్టు ఆయనది. రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఎన్నికలప్పుడు మైకుసెట్లు బాగుచేసేవాడు. ఆయన వచ్చింది కాగితం మీద ఏదో టైపు చేయించుకోవడానికి. గోడ మీద 17 చూసి, "ఇదేంటి మాస్టారూ, ఎక్కమా?" అన్నాడు. నాన్న అంతా చెప్పారు. ఆయన కంప్యూటర్‌ని అంతకుముందు ఎప్పుడూ విప్పి చూడలేదు. "మూడున్నర వోల్టులు చాలంటే పెన్సిల్ సెల్లు సరిపోతాయిగా. ఏదీ, మూత తియ్యండి" అన్నాడు.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. మూత తీసి చూస్తే ఆ నీలం పీపా చివర తెల్లగా, అంచుల్లో పచ్చగా ఉప్పు పేరుకుని ఉంది. మడి గట్ల మీద చౌడు తేలినట్టు. దాని పక్కనే కీబోర్డు గుచ్చే సాకెట్. ఉప్పు అప్పటికే అటువైపు పాకుతోంది, రాగి గీతల్లో ఒకటి నల్లబడింది. బాబాయి వేలితో ముట్టుకుని, బొటనవేలుకి రాసి చూశాడు. "జారుతోంది రా అబ్బాయ్. ఇది యాసిడ్ కాదు, క్షారం. సున్నం లాంటిది. పులుపు తగిలితే చస్తుంది. అమ్మనడిగి నిమ్మకాయ పట్రా" అన్నాడు.

(ఇది చదివి ఎవరూ అలా వేలితో ముట్టుకోకండి. అది పొటాషియం హైడ్రాక్సైడ్, చర్మాన్ని తింటుంది. చేతులకి తొడుగులు వేసుకోండి.)

కింద పేపరు పరిచి, సన్న కటింగ్ ప్లేయర్‌తో పీపా కాళ్లు కత్తిరించి తీసేశాడు. మీటర్ పెడితే ముల్లు ఒక వోల్టు కూడా చూపించలేదు. పాత టూత్‌బ్రష్‌ని నిమ్మరసంలో ముంచి అంటిస్తే ఆ ఉప్పు సన్నగా బుసబుసమని పొంగింది. కారిన క్షారం గాలి తగిలి కార్బొనేట్ అవుతుంది, పులుపు తగిలితే గ్యాసు వదులుతుంది, ఆ పొంగు అదేనని తర్వాత ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలో చూసుకున్నాను. పొంగు ఆగేదాకా మూడు నాలుగు సార్లు రాసి, నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, స్పిరిట్‌తో మళ్లీ తుడిచి, రాత్రంతా ఆరనిచ్చాడు. కంప్యూటర్ బోర్డుని తడిపితే ఏమవుతుందోనని నాన్నకి ఒకటే టెన్షన్. గదిలోకి వస్తారు, చూస్తారు, మాట్లాడకుండా వెళ్లిపోతారు. "కరెంటు లేనప్పుడు నీళ్లేం చెయ్యవు మాస్టారూ. ఉన్నప్పుడు తగిలితేనే తగువు" అన్నాడు బాబాయి.

మర్నాడు ఆయన వెంటనే సెల్లు పెట్టేయలేదు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. బ్యాటరీ ఉండిన చోట మీటర్ తీగలు ఆనించి, "ఇప్పుడు స్విచ్ వెయ్" అన్నాడు. బ్యాటరీ ఏమీ లేకుండానే ముల్లు లేచింది. "చూశావా, దీనికి బోర్డు లోపల్నించి కరెంటు వస్తోంది. పాతది ఛార్జ్ చేసుకునే రకం కాబట్టి సరిపోయింది. మన పెన్సిల్ సెల్లు అలాంటివి కావు. తిన్నగా కలిపితే ఆ కరెంటు వీటిల్లోకి ఎక్కి, వేడెక్కి, కారిపోతాయి. పగిలినా పగుల్తాయి. వెళ్లేదే తప్ప వచ్చేది ఉండకూడదు." అని కొట్టులోకి వెళ్లి, డబ్బాలో చెయ్యిపెట్టి గలగలలాడించి, కరెంటుని ఒకవైపే పోనిచ్చే ఒక డయోడ్ తెచ్చాడు. 4007. నల్లగా, ఒక చివర తెల్ల గీత. ఏ చార్జర్ విప్పినా కనిపించేదే.

ఎవరో వదిలేసి వెళ్లిన టేప్‌రికార్డర్‌లోంచి నాలుగు సెల్లు పట్టే ప్లాస్టిక్ పెట్టె తీశాడు. మాకు కావలసినవి మూడే. మూడు గదుల్లో మూడు సెల్లు, నాలుగో గదిలో సెల్లుకి బదులు రెండు స్ప్రింగుల మధ్య డయోడ్ అడ్డంగా పెట్టి అతికేశాడు. తెల్ల గీత బోర్డు వైపు ఉండాలి, తిరగేస్తే ఒక్క చుక్క కరెంటు కూడా వెళ్లదు. ఒక్కో సెల్లు 1.5 చొప్పున నాలుగున్నర వోల్టులు, డయోడ్ దగ్గర కొంత తరిగి, అవతల నాలుగుకి అటూ ఇటూ. నాలుగు సెల్లు పట్టే పెట్టెలో ఆ నాలుగో గది వృథా కాకుండా, డయోడ్‌కి అదే ఇల్లు అయింది. అంత చక్కటి పనితనం నేను ఆ తర్వాత చాలా ఖరీదైన వస్తువుల్లో కూడా చూడలేదు.

ఎర్ర వైరు ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. పెట్టెని బోర్డు పక్కన పెట్టనివ్వలేదు. వెనక కార్డుల సందులోంచి వైర్లు బయటికి లాగి, సైకిల్ ట్యూబు కత్తిరించిన రింగుతో క్యాబినెట్ వెనకాల బిగించాడు. "ఎప్పుడైనా కారినా బయటే కారుతుంది. లోపల పెట్టి ఒకసారి చూశాంగా" అన్నాడు. స్విచ్ వేశాం. 17 చెప్పాం. తేదీ, టైమ్ పెట్టాం. ఆఫ్ చేసి, నాన్న గోడగడియారం చూస్తూ అయిదు నిమిషాలు ఆగారు. మళ్లీ వేస్తే టిక్కు టిక్కుమని మెమరీ లెక్కపెట్టుకుని, ఎక్కడా ఆగకుండా సీ ప్రాంప్ట్, అంటే ఇక పని చెప్పమని అడిగే గుర్తు, వచ్చేసింది. తేదీ కరెక్టు. నాన్న బాబాయి చెయ్యి పట్టుకున్నారు. సెల్లకీ, నిమ్మకాయకీ కలిపి పాతిక రూపాయలు కూడా కాలేదు. మజూరీ తీసుకోనన్నాడు, ఆయన వచ్చిన టైపు పనికి నాన్న డబ్బు తీసుకోలేదు.

ఆ సెల్లు ఎన్నాళ్లొస్తాయని అడిగితే, గడియారం చిప్ తాగేది మైక్రో ఆంపియర్లలోనే, సెల్లు దానంతట అది ముసలిదై పోవాల్సిందే తప్ప ఇది వాడి ఖాళీ చెయ్యలేదు అన్నాడు. అయినా ముసలి సెల్లే కారుతుంది కాబట్టి ఏడాదికోసారి మార్చమన్నాడు. ఏడాదికోసారి అనగానే అమ్మ "దసరాకి మారుద్దాం, గుర్తుంటుంది" అంది. అలా మొదలైంది. తీసేసిన పాతవి ఇంకా చాలావరకు నిండుగానే ఉండేవి, అవి నా ట్రాన్సిస్టర్‌లోకి వెళ్లేవి. అందులో కూడా నీరసించాక ఎండలో పెట్టేవాణ్ణి. ఎండకి వేడెక్కితే లోపలి రసాయనం కాసేపు చురుగ్గా కదులుతుంది, ఇంకో రెండు పాటలు వస్తాయి. మా తరంలో ఆ పని చెయ్యని పిల్లలు ఉండరు.

2000 సంవత్సరం వచ్చినప్పుడు మిషన్ ఒకసారి మళ్లీ 1980లోకి వెళ్లింది. ఆ చిప్‌లో సంవత్సరానికి రెండంకెలే. 99 తర్వాత 00 వచ్చేసరికి తికమక పడింది. ఒక్కసారి చేత్తో తేదీ కొడితే సర్దుకుంది.

2003లో నాన్న ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. రెమింగ్టన్లు తూకానికి వెళ్లిపోయాయి, రెండు తప్ప. 386ని పాత దుప్పటిలో చుట్టి అటక ఎక్కించారు. నేను అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. రేడియో బాబాయి 2011లో పోయాడు. కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లది.

2024 దసరాకి పిల్లలతో వెళ్లినప్పుడు అటక మీద నుంచి దాన్ని దించాం. నాకు లోపల భయంగానే ఉంది. ఇరవై ఏళ్లు సెల్లు అలాగే ఉండిపోయి ఉంటే ఆ పెట్టె, వైర్లు, అన్నీ పోయి ఉంటాయి. దుప్పటి విప్పి వెనక్కి తిప్పి చూశాను. సైకిల్ ట్యూబు రింగు ఎండి, ముట్టుకోగానే తెగిపోయింది. పెట్టెలో మూడు గదులూ ఖాళీ. నాలుగో గదిలో డయోడ్ పక్కన మడిచిన చిన్న కాగితం. నాన్న చేతిరాత. "సెల్లు తీసినది 5-10-2003." ఆ ఏడాది దసరా నాడు తీశారన్నమాట. కొత్తవి వెయ్యాల్సిన రోజున, వెయ్యక్కర్లేదని తీసి, రాసి పెట్టారు.

ముందుగా పవర్ సప్లైని విడిగా పరీక్షించాను, ఇన్నేళ్ల తర్వాత తిన్నగా స్విచ్ వెయ్యడం మంచిది కాదు. కోఠి గుజరాతీ గల్లీలో ముందే కొని తెచ్చుకున్న కొత్త సెల్ పెట్టె, డయోడ్ నా సంచిలో ఉన్నాయి. పాతదాన్ని మీటర్‌తో చూశాను. డయోడ్ ఒకవైపే పోనిస్తోంది, స్ప్రింగులకి కాస్త చిలుముంది. ఉప్పుకాగితంతో రుద్దితే మెరిసింది. కొత్తది సంచిలోనే ఉండిపోయింది. ఇప్పుడు అందరూ గుండ్రటి నాణెం బ్యాటరీ పెట్టెయ్యొచ్చుగా అంటారు. అది మూడు వోల్టులే, డయోడ్ దగ్గర తరిగాక 3.6కి అలవాటైన బోర్డుకి చాలీచాలకుండా ఉంటుంది. మూడు పెన్సిల్ సెల్లే దీనికి సరైనవి. ఆల్కలైన్‌వి వేశాను. మీ ఇంట్లో ఇలాంటి పాత 286, 386 ఉంటే, దాన్ని నడపాలని లేకపోయినా సరే, ఇవాళే మూత తీసి ఆ పీపాని కత్తిరించి పారెయ్యండి. మిషన్ని చంపేది దుమ్మూ కాదు, వయసూ కాదు, అదే.

డిస్క్ మొదట తిరగలేదు. లోపల హెడ్లు పళ్లేనికి అతుక్కుపోతాయి. విప్పి, అరచేతిలో పట్టుకుని ఒక్కసారి గబుక్కున పక్కకి తిప్పి, మళ్లీ పెడితే సన్నగా ఈల వేస్తూ లేచింది. సెటప్‌లో డిస్క్ రకం దగ్గర ఆగాను. వెనకాల కుర్చీలో కూర్చున్న నాన్న, ఎనభై ఒకటో ఏట, నేను అడక్కుండానే "పదిహేడు" అన్నారు.

డాస్ 2099 దాకా తేదీ ఒప్పుకుంటుంది కాబట్టి 2024 పెట్టడానికి ఇబ్బంది లేదు. డిర్ కొడితే ఫైళ్లు జాబితాగా కిందికి జారాయి. మధ్యలో ఒక గుంపుకి 01-01-80 అని తేదీ. ఆ అయిదు వారాలవి. నేను టైమ్ వైపు చూశాను. 12:09, 12:32, 12:47. అన్నీ అర్ధరాత్రి దాటాక. గడియారం ప్రతిసారీ పన్నెండు గంటలకే మొదలయ్యేది కాబట్టి, అది స్విచ్ వేసిన ఎన్ని నిమిషాలకి నాన్న ఆ కాగితం పూర్తిచేశారో చెప్పే లెక్క.

12:47 ఉన్నది అక్క బయోడేటా. వర్డ్‌స్టార్ కొత్తది దాచినప్పుడు ముందుదాన్ని బ్యాక్ అనే పేరుతో వేరే ఉంచేది. అది 12:21. రెండూ తెరిచి చూశాను. పుట్టిన తేదీ, నక్షత్రం, బి.ఎస్సీ ఫస్ట్ క్లాస్, అన్నీ ఒకటే. 12:21 దాంట్లో చివరి వాక్యం, వంట, కుట్లు అల్లికలు బాగా వచ్చు అని. 12:47 దాంట్లో ఆ వాక్యం లేదు. దాని చోట, పెళ్లయ్యాక ఎం.ఎస్సీ చదవాలని ఉంది, వచ్చేవారు అందుకు ఒప్పుకోవాలి అని ఉంది. మధ్యలో ఇరవై ఆరు నిమిషాలు.

అక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను. డాలస్‌లో అప్పటికి రాత్రి. బావగారు మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు ఎం.ఎస్సీ ఎప్పుడు చేరతావని అడిగారట, ఆయనకి ఎలా తెలుసా అని తను ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉందట. "నాన్నకి ఇవ్వు" అంది. నాన్న ఫోన్ తీసుకుని, "ఏమో అమ్మా, అప్పుడు కరెంటు పోకుండా ఉంటే చాలనిపించింది" అన్నారు.

ఫోన్ పెట్టేశాక పెన్ను అడిగారు. క్యాలెండర్ చివర చింపి, మోకాలి మీద పెట్టుకుని నెమ్మదిగా రాసి నాకిచ్చారు. "సెల్లు వేసినది 12-10-2024." మడిచి నాలుగో గదిలో, డయోడ్ పక్కన పెట్టాను.